పేడ, పసుపు, బెల్లం, వెంట్రుకలతో చేసిన కళాకృతి నిలుస్తుందా?

శిల్పకళ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. పేడ, పసుపు గుడ్డ, బెల్లం, మనిషి వెంట్రుకలతో ఒక గది నిండేంత కళాకృతి చేయాలని ఆమె అనుకుంటున్నారు. ఇవేవీ ఏడాది కూడా నిలవవని, కంచో ఫైబరో ఎంచుకోమని ఇంట్లోనూ కళాశాలలోనూ అంటున్నారట. పేరున్న కళాకారులు ఇలాంటి వాటితోనే చేస్తున్నారు కదా, వారివి ఎలా నిలుస్తున్నాయి, కొనేవారు ఏ ధైర్యంతో కొంటున్నారు అన్నది ఆమె సందేహం.

నేను ఇరవై ఏళ్లకు పైగా కళాకృతుల సంరక్షణ, మరమ్మతు పనిలో ఉన్నాను. పాత పటాలతో, కొయ్య బొమ్మలతో మొదలుపెట్టినా, పదేళ్లుగా నా బల్ల మీదికి ఎక్కువగా వస్తున్నవి మీరు చెప్పినలాంటి వస్తువులే. అందుకని ముందుగా నా జవాబు చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. మీరు అనుకున్న పదార్థాలతోనే చేయండి. అయితే పని మొదలుపెట్టక ముందే ఆ కృతి ఆయుష్షు ఎంతో మీరే తేల్చుకుని కాగితం మీద పెట్టండి. చేసింది చేసినట్టు కొన్ని దశాబ్దాలు ఉండాలా, చూస్తుండగానే మారుతూ పోవాలా, పాడైన ప్రతిసారీ కొత్తగా చేయించుకోవచ్చా? నా దగ్గరికి పాడైపోయి వచ్చిన కృతుల్లో చాలావాటికి ఈ ప్రశ్న ఎవరూ ముందుగా వేసుకోలేదు. కళాకారుడు ఒకటి అనుకున్నాడు, కొన్నవారు మరొకటి అనుకున్నారు, మధ్యలో వానాకాలం వచ్చింది.

ఈ నిర్ణయం ఎంత లోతైనదో తెలియడానికి అమెరికన్ కళాకారిణి జోయీ లెనార్డ్ అనుభవం చూడండి. ఆమె 1992 నుంచి 1997 వరకు నారింజ, అరటి, నిమ్మ వంటి పళ్ల తొక్కలను ఎండబెట్టి, వాటిని దారంతో, జిప్పులతో, గుండీలతో తిరిగి పండు ఆకారంలో కుట్టారు. ఎయిడ్స్‌తో చనిపోయిన స్నేహితుడి జ్ఞాపకంగా చేసిన ఆ 'స్ట్రేంజ్ ఫ్రూట్'లో దాదాపు 300 తొక్కలు ఉన్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు నిలిపే పద్ధతి కోసం క్రిస్టియన్ షైడెమన్ అనే సంరక్షకుడు ఆమె తరఫున ఓపికగా ప్రయోగాలు చేసి, చివరికి సాధించారు కూడా. ఆ నమూనాలను చేతిలోకి తీసుకున్నాక ఆమె వద్దన్నారు. తొక్కలు ముడుచుకుని, నల్లబడి, పొడిగా రాలడమే ఆ కృతికి ప్రాణమని అప్పుడు గానీ ఆమెకు స్పష్టం కాలేదు. ఫిలడెల్ఫియా మ్యూజియం ఆ షరతును ఒప్పుకునే దాన్ని తీసుకుంది. నా వృత్తిలో ఉన్నవారికి ఇది మింగుడుపడని విషయమే అయినా, కాపాడే శక్తి చేతిలో ఉండి కూడా కాపాడకూడదని నిర్ణయించడం ఎంత బరువైన పనో నాకు నేర్పింది ఈ ఉదంతమే.

దీనికి ఎదురుగా బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్‌స్ట్ సొరచేపను పెట్టి చూడండి. 1991లో ఫార్మాలిన్ తొట్టిలో నిలబెట్టిన ఆ చేప ఒంట్లోకి మందు సరిగా ఎక్కలేదు. లోలోపల కుళ్లి, తొట్టిలోని ద్రవం మసకబారింది, తోలు ముడతలు పడింది. చివరికి 2006లో మరో సొరచేపను తెచ్చి పెట్టాల్సి వచ్చింది. ఇది అదే కృతా, వేరే కృతా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. మొదటిరోజే ఒక కాగితం రాసి ఉంటే ఆ చర్చలో సగం అక్కర్లేకపోయేది.

కరిగిపోయే కళ మనకు బయటినుంచి వచ్చినదేమీ కాదు. తంగేడు, గునుగు పూలతో గంటల తరబడి పేర్చిన బతుకమ్మను ఆ సాయంత్రమే చెరువులో వదులుతాం. గుమ్మడి పువ్వు గుచ్చిన గొబ్బెమ్మను పదిరోజులు దాచాలని ఎవరూ అనుకోరు. కనుక మీ అధ్యాపకులు "నిలవదు" అన్నప్పుడు, ఈ కృతికి నిలవడం అవసరమా అని మర్యాదగా అడిగే హక్కు మీకు ఉంది.

ఇక కంచో ఫైబరో ఎంచుకోమన్న సలహా. కంచు సంగతి నిజమే. ఫైబర్ విషయంలో మాత్రం కొంత ఆలోచించాలి. సూర్యాపేటలో 1956లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధించిన రవీందర్ రెడ్డి గారు ఫైబర్‌గ్లాస్‌తో చేసిన పెద్ద స్త్రీ శిరస్సులు ప్రపంచమంతా తిరిగాయి. వాటి అందంలో, మన్నికలో పైనున్న రంగుకు, బంగారు పూతకు పెద్ద పాత్ర ఉంది. ఫైబర్‌గ్లాస్‌లో వాడే పాలిస్టర్ రెజిన్‌ను రంగు వేయకుండా ఎండలో వదిలితే పచ్చబడుతుంది, పెళుసెక్కుతుంది. అమెరికన్ శిల్పి ఈవా హెస్ 1960ల చివర్లో రబ్బరు పాలతో చేసిన కృతులు చేసిన రోజుల్లో మెత్తగా, కాంతి దూరేలా ఉండేవి, ఇప్పుడు గోధుమరంగు తిరిగి బిగుసుకుపోయాయి. వంటగిన్నెలతో శిల్పాలు చేసే సుబోధ్ గుప్తా వల్ల మనందరి కళ్లలో పడ్డ స్టీలు గిన్నెలు కూడా, సంతలో దొరికే చౌక రకమైతే, విశాఖపట్నం సముద్రపు గాలికి ఒకటి రెండేళ్లలోనే తుప్పు చుక్కలు వేస్తాయి. ఫ్యాక్టరీలో పుట్టింది కదా అని ఏదీ శాశ్వతం కాదు.

మీరు చెప్పిన పదార్థాలకు దగ్గరగా పనిచేసిన కళాకారిణి షీలా గౌడ. 1957లో భద్రావతిలో పుట్టి, చిత్రకళలో శిక్షణ పొందిన ఆమె 1992 బొంబాయి అల్లర్ల తర్వాతి కాలంలో రంగుల బదులు పేడ చేతిలోకి తీసుకున్నారు. 1998 నాటి ఒక కృతిలో పొడవాటి దారాలను సూది బెజ్జాల గుండా లాగి, కట్టలు కట్టి, కుంకుమ, జిగురు పట్టించి ఎర్రటి మోకులుగా చేశారు. మోకు చివర సూదులన్నీ గుత్తిగా వేలాడుతుంటాయి. 2009లో వెనిస్‌లో చూపిన 'బిహోల్డ్'లో దాదాపు 4 కిలోమీటర్ల వెంట్రుకల తాడు, 20 కారు బంపర్లు ఉన్నాయి. దిష్టి తగలకుండా బండ్ల బంపర్లకు వెంట్రుకల తాడు కట్టే అలవాటును బెంగళూరు వీధుల్లో చూసి తీసుకున్న ఆలోచన అది. ఇప్పుడు ఆ కృతి లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. ఆ పదార్థం ఆమెకు ఎదురుగా, రోజూ కనిపించే బతుకులోంచి వచ్చింది. కొత్తగా ఉంటుందని తెచ్చిపెట్టుకున్న పదార్థానికీ దీనికీ ఉన్న తేడా చూసేవారికి ఇట్టే తెలుస్తుంది.

ఇప్పుడు మీ నాలుగు పదార్థాల సంగతి ఒక్కొక్కటిగా చెబుతాను.

పేడకు ప్రధాన శత్రువు లోపల చిక్కుకున్న తడి. కొన్నేళ్ల క్రితం ఒక సేకర్త ఇంటి నుంచి నాలుగడుగుల పేడ పలక నా దగ్గరికి వచ్చింది. జూలైలో చేశారు, పైన ఆరినట్టు కనిపించగానే రాలకుండా ఉండాలని ముందువైపంతా మెరిసే వార్నిష్ కొట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. వార్నిష్ కింద రూపాయి బిళ్లంత బుడగలు లేచి ఉన్నాయి, ఒక్కో బుడగలో దూదిలాంటి తెల్లటి బూజు. వెనకవైపు గుండుసూది మొన పట్టేంత సన్నని రంధ్రాలు, వాటి కింద పిండిలా రాలిన పొడి. పురుగు లోపలినుంచి తొలుచుకుని బయటికి వచ్చిన గుర్తులు అవి. ఒక మూల కాస్త తెరిచి చూస్తే లోపల ఇంకా పచ్చిపేడ వాసన వస్తోంది. వార్నిష్ తీయాలంటే దానితోపాటు పేడ పొర కూడా ఊడి వస్తుంది. నేను దాన్ని కాపాడలేకపోయాను. ఆ మాట ఆ ఇంటివారికి చెప్పాల్సివచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది.

కనుక పల్లెల్లో పిడకలు చేసే ఆడవాళ్లు పాటించే క్రమాన్నే మీరూ పాటించండి. ఎండలు ముదిరిన రోజుల్లో చేయాలి, పలుచని పొరలుగా వేయాలి, ఒక పొర పూర్తిగా ఎండాకే రెండోది వేయాలి. పగుళ్లు తగ్గడానికి ఎర్రమట్టి, తరిగిన వరిగడ్డి కలపండి. మట్టి గోడలు అలికేటప్పుడు చేసేదీ అదే. గాలి ఆడని పూత ఏదీ పైన వేయకండి, అది వార్నిష్ అయినా తెల్ల జిగురు అయినా సరే. ప్రదర్శనశాల గాలిలో తేమ 65 శాతం దాటకుండా చూసుకోగలిగితే బూజు భయం చాలావరకు తగ్గుతుంది. ఎండిన పేడ పిడకే అన్న సంగతి మాత్రం మరవకూడదు. దాని పక్కన వేడెక్కే దీపం పెట్టకూడదు, మంటలార్పే సాధనం గదిలోనే ఉండాలి.

పసుపు రెండు విధాలుగా మోసం చేస్తుంది. మొదటిది వెలుతురు. పసుపు రంగు ఎండకు అసలు తట్టుకోదు. కిటికీ పక్కన వేలాడదీసిన పసుపు గుడ్డ కొన్ని వారాల్లోనే వెలిసిపోతుంది. రెండోది సున్నం. నేను సాయం చేసిన ఒక ప్రదర్శనలో పసుపులో ముంచి ఆరవేసిన నేత గుడ్డను, రెండురోజుల ముందే సున్నం వేసిన గోడకు ఆనించి కట్టారు. గుడ్డ ఇంకా చెమ్మగానే ఉంది. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి గోడకు తగిలిన అంచు పొడవునా నాలుగు వేళ్ల వెడల్పున ఎర్రటి చార పాకి ఉంది. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి ఎలా తయారవుతుందో తెలిసిన వారికి ఇందులో వింత లేదు. పసుపుకు సున్నం తగిలితే ఎరుపు తిరుగుతుంది. ఆ కళాకారిణి కొంతసేపు బాధపడి, తర్వాత ఆ చారను అలాగే ఉంచేశారు, అది ఆమె కృతికి మంచే చేసింది. మీకు అది వద్దనుకుంటే గోడకూ గుడ్డకూ మధ్య ఖాళీ ఉంచండి, చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా తుడుచుకున్నాకే గుడ్డ పట్టుకోండి. సబ్బు కూడా సున్నం చేసే పనే చేస్తుంది. ముందుగా ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. గుడ్డ ముక్కలో సగం నల్లకాగితంతో కప్పి, రెండు వారాలు కిటికీలో ఉంచి, ఆపైన కాగితం తీసి చూడండి. ఆ తేడా మీకు సమ్మతమైతేనే పసుపును ఎంచుకోండి.

కుంకుమ వాడే ఆలోచన ఉంటే అది పసుపు, సున్నంతో చేసినదా, రసాయన రంగుతో చేసినదా అని కొన్నప్పుడే అడిగి రాసుకోండి. ఈ రెండూ వెలిసే తీరు, నీటికి వదిలే తీరు వేరువేరుగా ఉంటాయి.

బెల్లాన్ని నిలిపే ప్రయత్నం చేయకండి. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో చెమర్చి, జిడ్డుగా మారి, అడుగునుంచి జారుతుంది. చీమలు, ఈగలు ఎలాగూ వస్తాయి. లేతరంగు రావడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపిన బెల్లం కొంతకాలానికి నల్లబడుతుంది, కాబట్టి అనకాపల్లి దిమ్మ కొన్నా, మీ ఊరి గానుగలో కొన్నా, ఏ రకమో నమోదు చేయండి. నా సలహా ఏమిటంటే, మీ కృతిలో బెల్లం భాగాన్ని ప్రదర్శన ప్రతిసారీ కొత్తగా పేర్చేలా రూపొందించండి. అమెరికన్ కళాకారుడు ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో తన సహచరుడి ప్రతిరూపంగా 175 పౌండ్ల, అంటే సుమారు 79 కిలోల, మిఠాయి బిళ్లల కుప్ప పోశారు. వచ్చినవారు ఒక్కొక్కటి తీసుకెళ్తారు, కుప్ప తరుగుతుంది, మళ్లీ నింపుతారు. అక్కడ తరగడం, నిండడం రెండూ కృతిలో భాగాలే. దక్షిణ భారతంతో అనుబంధం ఉన్న జర్మన్ కళాకారుడు వోల్ఫ్‌గాంగ్ లైబ్ పాలరాతి పలకను పైన కాస్త లోతుగా అరగదీసి, ఆ పల్లంలో పాలు పోస్తారు. పాలు విరిగేలోగా తీసి, కడిగి, మర్నాడు మళ్లీ పోయాలి. ఆ పలకను కొన్నవారు ఆ రోజువారీ పనిని కూడా స్వీకరించినట్టే. మీ బెల్లానికీ అలాంటి నియమం ఒకటి పెట్టండి.

వెంట్రుకలు ఈ నాలుగింటిలో గట్టివి. పొడిగా ఉంచితే తరాలు ఉంటాయి. చైనా కళాకారుడు గు వెండా 1993 నుంచి రకరకాల దేశాల మంగలి దుకాణాల్లో సేకరించిన వెంట్రుకలతో గోడలంత తెరలు చేస్తూ వచ్చారు. వెంట్రుకలకు హాని చేసేవి జిడ్డు, దుమ్ము, ఉన్నిని కొరికే పురుగులు. తేలికపాటి సబ్బు నీళ్లలో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, గాలి చొరబడని పాలిథిన్ సంచిలో వేసి, సున్నాకు దిగువన 18 నుంచి 20 డిగ్రీల చలి ఉండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, విప్పితే చల్లటి వెంట్రుకల మీద చెమ్మ పడుతుంది. ఒక మాట మనసులో పెట్టుకోండి. మన ప్రాంతంలో తలనీలాలు మొక్కు. అవి ఎవరివో, ఎలా వచ్చాయో, డబ్బిచ్చి కొన్నారో అడిగి తెచ్చుకున్నారో చూసేవారు తప్పక అడుగుతారు, అడగడం న్యాయం కూడా. దానికి నిజాయితీగల జవాబు మీ దగ్గర ఉండాలి.

వీటన్నిటినీ కలిపి పట్టే జిగురు గురించి మీరు అడగలేదు, కానీ సగం కృతులు చెడేది అక్కడే. దుకాణంలో దొరికే జిగురుకు ముందు చింతగింజల పిండి ప్రయత్నించండి. గింజలను వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లతో ఉడికిస్తే గట్టి అంబలి వస్తుంది. కొండపల్లి బొమ్మల ముక్కలను అతికే మక్కులో ఉన్నది చింతగింజల పిండి, రంపపు పొట్టే. చేర్యాల పటానికి గుడ్డ సిద్ధం చేసేటప్పుడు గంజి, సుద్దమట్టితోపాటు కలిపేదీ ఇదే. కర్ణాటక కళాకారిణి రంజని శెట్టర్ స్టీలు కడ్డీల చట్రం మీద సన్నని మస్లిన్ గుడ్డను చింతగింజల పిండితోనే అతికి, గాలిలో తేలుతున్నట్టుండే శిల్పాలు చేశారు. దీనికి ఉన్న గొప్ప గుణం, తడి తగిలిస్తే మెత్తబడి ఊడి రావడం. మరమ్మతు చేసేవారికి ఇంతకు మించిన మేలు లేదు. పురుగుకు ఇది తిండే కాబట్టి పుస్తకాల బైండింగు వారు కలిపినట్టు మైలుతుత్తం కలపాలని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అది విషం, పైగా అందులోని రాగి కాలక్రమంలో కాగితాన్ని, గుడ్డను తినేస్తుంది, కనుక నేను వాడను, వాడమని చెప్పను. నెలకోసారి వెనకవైపు టార్చి వేసి చూసే అలవాటు అంతకన్నా బాగా కాపాడుతుంది.

మీ ఆరోగ్యం కూడా ఇందులో భాగమే. 2010లో చైనా కళాకారుడు ఐ వేవే 10 కోట్లకు పైగా పింగాణీ పొద్దుతిరుగుడు గింజలను లండన్ టేట్ మోడర్న్ హాలులో పరిచినప్పుడు, జనం వాటి మీద నడవాలన్నదే మొదటి ఉద్దేశం. నడకకు లేచిన సన్నని దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుందని కొద్దిరోజులకే నడవడం ఆపేశారు. అంత పెద్ద సంస్థకే ఆ దుమ్ము సంగతి ముందుగా తట్టలేదు. ఎండు పేడ గీకేటప్పుడు, పసుపు జల్లించేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోండి, గది తలుపులు తెరిచి ఉంచండి.

కొనేవారి విషయానికి వస్తే, వారు ఆ వస్తువుతోపాటు దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పే కాగితాన్నీ కొంటారు. ఇటలీ కళాకారుడు మౌరీజియో కాటెలాన్ 2019లో గోడకు టేపుతో అంటించిన అరటిపండు 2024 వేలంలో 62 లక్షల డాలర్లకు పోయింది. ఆ డబ్బు పెట్టినవారికి దక్కింది ధ్రువపత్రం, పండును ఎంత ఎత్తులో ఎలా అంటించాలో చెప్పే సూచనలు. ఆ ధర సమంజసమా అన్నది వేరే మాట. ఆ కాగితం పద్ధతి మాత్రం మీకు ఉపయోగపడుతుంది. ఘనాలో పుట్టిన శిల్పి ఎల్ అనట్సుయి వేల సీసా మూతలను రాగి తీగతో కుట్టి చేసిన తెరలను ఎలా మడతలు వేసి వేలాడదీయాలో కట్టేవారి ఇష్టానికే వదిలేస్తారు. ఆ స్వేచ్ఛ కూడా కళాకారుడు తెలిసి ఇచ్చిందే కాబట్టి, ప్రతిచోటా కొత్తగా కనిపించినా అది ఆయన కృతే అవుతుంది.

మీ కాగితంలో ప్రతి పదార్థం పేరు, కొన్న చోటు, కొన్న తేదీ, కలిపిన పాళ్లు రాయండి. పూర్తయిన రోజు నాలుగు వైపుల నుంచీ తీసిన ఫొటోలు జత చేయండి. ఏ భాగాన్ని మార్చవచ్చు, దేన్ని ముట్టుకోకూడదు, ఎవరు మార్చవచ్చు, మీరు లేనప్పుడు ఎవరు నిర్ణయించాలి అన్నవి తేటగా చెప్పండి. ఏ స్థితికి చేరితే ఈ కృతి ముగిసినట్టు అన్న వాక్యం ఒకటి తప్పకుండా ఉండాలి. కొత్తవారు రాయడానికి వెనకాడేది ఆ వాక్యమే. అదే ఎండలో చేసిన పేడ ముక్కలు కొన్ని, అదే ముంపులో తీసిన పసుపు గుడ్డ మూరెడు, వెంట్రుకల తాడు రెండు గజాలు విడిగా పొట్లం కట్టి కృతితోపాటే ఇవ్వండి. నాలాంటివారు పదేళ్ల తర్వాత దాన్ని బాగుచేయాల్సి వచ్చినప్పుడు మొదట వెతికేది ఆ పొట్లం కోసమే.

మీ ప్రదర్శన ఎప్పుడో రాయలేదు. వానల తర్వాత అయితే పేడ పలకలు మాత్రం ఈ మే నెలలోనే చేసేసి, నేలకు తగలకుండా చెక్కల మీద, గాలి ఆడేచోట నిలువుగా ఆనించి ఉంచండి. మొదటి పలక ఎండాక దాని వెనకవైపు ఫొటో తీసి ఇక్కడ పెడితే, పగుళ్లను బట్టి మట్టి ఎంత పెంచాలో చెబుతాను.